అంబులెన్సు కంటే ముందు చేరేవారు

రోడ్డు ప్రమాదాల్లో సంభవించే మరణాలన్నీ ఢీకొన్న క్షణంలోనే జరిగిపోవు. మెదడు చితికిపోవడం వల్లనో, గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని తెగిపోవడం వల్లనో అక్కడికక్కడే ప్రాణం పోయేవారు కొందరు; వారిని ఏ వైద్యవిధానమూ కాపాడలేదు. నిమిషాల నుంచి కొన్ని గంటల లోపల రక్తం కారిపోయో, ఊపిరి అందకో, కపాలంలో నెత్తురు గడ్డకట్టి మెదడును నొక్కేయడం వల్లనో చనిపోయేవారు మరికొందరు. రోజులూ వారాలూ గడిచాక శరీరమంతటా పాకిన ఇన్ఫెక్షన్ వల్ల, ఒకదాని వెంట ఒకటిగా అవయవాలు విఫలం కావడం వల్ల ఆసుపత్రి మంచం మీద కన్నుమూసేవారు మూడో వర్గం. అమెరికన్ శస్త్రవైద్యుడు డోనాల్డ్ ట్రంకీ 1983లో ప్రచారంలోకి తెచ్చిన ఈ మూడంచెల విభజనను తరువాతి పరిశోధనలు కొంత సవరించాయి. ఇంటెన్సివ్ కేర్ మెరుగుపడిన దేశాల్లో మూడో అంచె బాగా కుంచించుకుపోయింది. రెండో అంచె మాత్రం ఎక్కడా మాయం కాలేదు. అందులోనూ మొదటి పది పదిహేను నిమిషాలు వైద్యశాస్త్రానికి బొత్తిగా అందని సమయం, ఎందుకంటే అప్పుడు క్షతగాత్రుడి పక్కన ఉండేది వెనుక లారీ నడుపుతూ వచ్చిన డ్రైవరు, అతని క్లీనరు, అటుగా పోతున్న ఆటోవాలా, కారు ఆపి దిగిన కుటుంబం. ఆ కాసేపట్లో వీరు ఏం చేస్తారు, ఏం చేయకుండా ఉంటారు అన్నదాని మీద చాలామంది ప్రాణం ఆధారపడి ఉంటుంది.

2022లో భారతదేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు నమోదు కాగా వాటిలో 1,68,491 మంది మరణించారు. అంటే సగటున గంటకు 19 మంది. వీరిలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. శరీరానికీ రోడ్డుకూ మధ్య ఇనుప కవచం లేనివారికి కాళ్లు, కటి, తల, ముఖం ఎక్కువగా దెబ్బతింటాయి కాబట్టి, బయటికి కనిపించే రక్తస్రావమూ, స్పృహ తప్పి శ్వాసమార్గం మూసుకుపోవడమూ ఇక్కడ ప్రధాన సమస్యలు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు సేవ అప్పటివరకూ లేని ఒక వ్యవస్థను తెలుగు నేలకు ఇచ్చింది, తరువాత అనేక రాష్ట్రాలకు పాకింది. అయినా ఫోను అందుకుని, చోటు గుర్తించి, ట్రాఫిక్కు దాటుకుని వచ్చే ఏ అంబులెన్సయినా ప్రమాదం జరిగిన నిమిషానికి అక్కడ ఉండలేదు. డ్రైవర్లు ఉంటారు, ఎందుకంటే వారి పనిచోటు రోడ్డే.

ఈ సమయాన్ని గురించి మాట్లాడేటప్పుడు తప్పక వినిపించే మాట ‘గోల్డెన్ అవర్’. బాల్టిమోర్‌కు చెందిన శస్త్రవైద్యుడు ఆర్. ఆడమ్స్ కౌలీ ప్రచారం చేసిన ఈ భావన 2019 సవరణతో భారత మోటారు వాహనాల చట్టంలోనూ చోటు సంపాదించుకుంది. గాయపడిన తరువాతి ఒక గంటలో సత్వర వైద్యం అందితే మరణాన్ని నివారించే అవకాశం అత్యధికమని ఆ నిర్వచనం చెబుతుంది. ఆ గంట అరవై నిమిషాలే ఎందుకు కావాలి అని వెనక్కి వెదుక్కుంటూ వెళ్లిన లెర్నర్, మస్కాటీ అనే పరిశోధకులకు దాని మూలంలో గట్టి ఆధారం దొరకలేదని 2001లో వారు రాసిన వ్యాసం చెబుతుంది. త్వరపడమని చెప్పే నినాదంగా దానికి విలువ ఉంది, కానీ శరీరం అందరికీ ఒకే గడియారం పెట్టుకోదు. శ్వాసమార్గం పూర్తిగా మూసుకుపోయినవాడి మెదడుకు నాలుగైదు నిమిషాల్లోనే చేటు మొదలవుతుంది. తొడలోని ప్రధాన ధమని తెగినవాడికి కూడా కొద్ది నిమిషాలే ఉంటాయి. ప్లీహం చిట్లి లోలోపల మెల్లగా రక్తం ఊరుతున్నవాడికి కొన్ని గంటలు ఉండవచ్చు. మొదటి ఇద్దరినీ అరగంటలో ఆసుపత్రికి చేర్చినా, దారిలో ఎవరూ ఏమీ చేయకపోతే, ‘గోల్డెన్ అవర్’ లోపలే వారు చనిపోతారు.

రక్తస్రావంతోనే మొదలుపెట్టడం సముచితం, ఎందుకంటే సామాన్యుడి చేతులు అత్యంత ప్రభావవంతంగా పనిచేసేది ఇక్కడే. డెబ్భై కిలోల మనిషిలో దాదాపు ఐదు లీటర్ల రక్తం ఉంటుంది. అందులో 15 శాతం, అంటే ముప్పావు లీటరు దాకా పోయినా ఆరోగ్యవంతుడి శరీరం రక్తనాళాలను బిగించుకుని, గుండె వేగాన్ని కాస్త పెంచుకుని సర్దుకుంటుంది. 30 శాతం దాటితే రక్తపోటు పడిపోతుంది, చర్మం చల్లబడి చెమట పడుతుంది, మనిషి తికమకగా మాట్లాడతాడు. కణజాలానికి సరిపడా రక్తం అందని ఈ స్థితినే వైద్యులు షాక్ అంటారు. 40 శాతం దాటాక ప్రాణం నిలవడం కష్టం. ఈ మెట్లన్నీ దిగడానికి పెద్ద ధమని తెగినప్పుడు కొద్ది నిమిషాలు చాలు. ధమని రక్తం గుండె కొట్టుకునే లయలో ఎర్రగా ఎగజిమ్ముతుంది, సిర రక్తం ముదురు రంగులో ధారగా కారుతుంది. అయితే రోడ్డు మీద, ముఖ్యంగా రాత్రివేళ, ఈ తేడా వెదుకుతూ కూర్చోవడం అనవసరం. బట్ట తడిసిపోతూ ఉంటే, నేల మీద మడుగు కడుతూ ఉంటే అది ఆపవలసిన రక్తస్రావమే.

ఆపే పద్ధతి చెప్పడానికి చాలా తేలిక. శుభ్రమైన గుడ్డను, అది లేకపోతే ఉన్న గుడ్డనే, రక్తం వస్తున్న చోటనే మడిచి పెట్టి రెండు అరచేతులతో శరీర బరువంతా వేసి నొక్కిపట్టాలి. లోతైన గాయమైతే గుడ్డను లోపలికి కూరి నొక్కాలి. రక్తంలోని ప్లేట్‌లెట్లు తెగిన అంచుకు అతుక్కుని, వాటి చుట్టూ ఫైబ్రిన్ అనే ప్రొటీను దారాలు అల్లుకుంటేనే గడ్డ నిలబడుతుంది. ఇందుకు ఎడతెగని ఒత్తిడితో కొన్ని నిమిషాల వ్యవధి కావాలి. ఆగిందో లేదో చూద్దామని నిమిషానికోసారి గుడ్డ ఎత్తేవారు అప్పుడప్పుడే కడుతున్న గడ్డను తమ చేత్తోనే లాగేస్తున్నారన్నమాట. గుడ్డ తడిసిపోతే తీయకుండా దాని మీదనే మరొకటి వేసి ఇంకా గట్టిగా నొక్కాలి. గాజు పెంకో ఇనుప చువ్వో లోపల దిగి ఉంటే దాన్ని పెరకకూడదు. తెగిన నాళాన్ని ఆ వస్తువే కొంత మూసి ఉంచుతుంది కాబట్టి దాని చుట్టూ గుడ్డలు పేర్చి కదలకుండా చేయాలి.

చేయి, కాలు నలిగిపోయి నొక్కినా రక్తం ఆగనప్పుడు మిగిలేది టార్నికెట్, అంటే గాయానికి పైభాగాన అవయవం చుట్టూ వేసి ధమని మూసుకునేంతగా బిగించే పట్టీ. కట్టు వేస్తే కాలు చచ్చిపోతుందన్న భయంతో ప్రథమ చికిత్స పుస్తకాలు చాలాకాలం దీన్ని వద్దన్నాయి. ఆ భయాన్ని తగ్గించింది ఇరాక్ యుద్ధం. బాగ్దాద్‌లోని అమెరికన్ సైనిక ఆసుపత్రిలో 232 మంది క్షతగాత్రులను పరిశీలించి క్రాగ్ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, షాక్‌లోకి జారకముందే టార్నికెట్ వేసినవారిలో 90 శాతం బతకగా, జారిన తరువాత వేసినవారిలో 10 శాతమే బతికారు. టార్నికెట్ కారణంగానే అవయవం కోల్పోయినవారు ఒక్కరూ లేరు. సైనికుడి దగ్గర ఉండే తయారీ పట్టీ లారీలో ఉండదు, కానీ డ్రైవరు మెడలో తువ్వాలు, పనిముట్ల పెట్టెలో పానా ఉంటాయి. తువ్వాలును నాలుగైదు సెంటీమీటర్ల వెడల్పుండేలా మడిచి, గాయానికి నాలుగు వేళ్ల ఎత్తున, మోకాలు మోచేయి కీళ్ల మీద పడకుండా కట్టి, ముడిలో పానా దూర్చి రక్తం ఆగేదాకా మెలితిప్పి, అది విడిపోకుండా కట్టేసి, కట్టిన వేళను ఎక్కడో ఒకచోట రాయాలి. దీనికి సన్నని తీగ, తాడు పనికిరావు. అవి చర్మాన్ని కోస్తాయి తప్ప లోపలి ధమనిని మూయలేవు. సగం బిగించిన కట్టు మరీ ప్రమాదం, ఎందుకంటే అది మెత్తటి గోడల సిరలను మాత్రమే మూసి, లోపలికి వెళ్లే రక్తాన్ని వెళ్లనిచ్చి, తిరిగి వచ్చే దారిని అడ్డుకుని రక్తస్రావాన్ని ఇంకా పెంచుతుంది. నొప్పి భరించలేనంతగా ఉంటుంది కాబట్టి గాయపడినవాడు విప్పేయమని బతిమాలుతాడు. ఆసుపత్రి చేరేదాకా విప్పకూడదు.

కంటికి కనిపించని రక్తస్రావం ముందు సామాన్యుడు దాదాపు నిస్సహాయుడే. విరిగిన తొడ ఎముక చుట్టూ లీటరుకు పైగా రక్తం చర్మం మీద చుక్క కూడా కనిపించకుండా చేరగలదు. కటి ఎముకలు విరిగితే అంతకంటే ఎక్కువే. చేయగలిగినవి రెండు: అనవసరంగా కదపకుండా త్వరగా పంపించడం, ఒంటిని చల్లబడనివ్వకపోవడం. రెండోది చాలామందికి తోచదు. రక్తాన్ని గడ్డకట్టించే ఎంజైములు శరీరోష్ణోగ్రత 35 డిగ్రీల కంటే తగ్గితే మందగిస్తాయి, రక్తం అందని కణజాలంలో ఆమ్లం పేరుకుని వాటిని మరింత అశక్తం చేస్తుంది, గడ్డకట్టక రక్తం ఇంకా పోతుంది, పోయినకొద్దీ ఒళ్లు ఇంకా చల్లబడుతుంది. అందువల్ల లారీ క్యాబిన్‌లోని దుప్పటి కూడా చికిత్సా సామగ్రే. మే నెల మధ్యాహ్నం మాత్రం వ్యవహారం తలకిందులై, కాగిన తారు రోడ్డు మీద అపస్మారకంగా పడి ఉన్నవాడి వీపు కాలి బొబ్బలెక్కుతుంది. అప్పుడు అదే దుప్పటిని ఒంటి కిందికి చేర్చాలి.

ఊపిరి సంగతి మరింత మోసకారి. స్పృహ తప్పి వెల్లకిలా పడి ఉన్నవాడి కండరాలన్నీ సడలిపోయి నాలుక మొదలు వెనక్కి వాలి గొంతును మూస్తుంది. ముఖం మీద దెబ్బ తగిలితే రక్తం, విరిగిన పళ్లు, వాంతి దానికి తోడవుతాయి. మూసుకోవడం సగమే అయితే గురక వినిపిస్తుంది. చుట్టూ ఉన్నవారు ఆ గురకను ‘ఊపిరి బాగానే ఆడుతోంది’ అనడానికి గుర్తుగా తీసుకుని ఊరట చెందుతారు, నిజానికది గొంతు మూసుకుపోతోందని చెప్పే హెచ్చరిక. తల దగ్గర మోకరిల్లి, మెడను కదపకుండా, రెండు చేతుల వేళ్లతో కింది దవడ మూలలను పట్టి ముందుకు నెడితే దవడతో పాటు నాలుక కూడా ముందుకు వచ్చి దారి తెరుచుకుంటుంది, గురక ఆగిపోతుంది. ఒక్కడే ఉండి ఇతరుల్ని కూడా చూడవలసి వస్తే, తల, మెడ, మొండెం ఒకే వరసలో ఉండేలా పక్కకు దొర్లించి పడుకోబెట్టాలి. అప్పుడు నాలుక పక్కకు వాలుతుంది, నోట్లోని రక్తం బయటికి కారుతుంది.

తెలుగునాట క్షతగాత్రులను చాలాసార్లు ఆసుపత్రికి చేర్చేది ఆటోయే కాబట్టి దాని వెనుక సీటును కాస్త దగ్గరగా చూడాలి. స్పృహ లేని మనిషిని ఇద్దరి మధ్య కూర్చోబెట్టి చెరో భుజం పట్టుకుంటారు. ఆటో కుదుపులకు తల ముందుకు వాలి గడ్డం రొమ్ముకు ఆనుతుంది. ఆ భంగిమలో శ్వాసమార్గం మెడ దగ్గర మడతపడి మూసుకుంటుంది. పట్టుకున్నవారి దృష్టి రోడ్డు మీద, ఫోను మీద, బట్టలకంటిన నెత్తురు మీద ఉంటుంది. ఆసుపత్రి గుమ్మంలో ‘దారిలోనే పోయాడు’ అనే మాట వినిపిస్తుంది. ఇటువంటి మరణాల్లో ఎన్ని గాయం వల్ల, ఎన్ని ఆ కూర్చున్న భంగిమ వల్ల జరిగాయో ఏ రికార్డూ చెప్పదు. వెనుక కూర్చున్నవారిలో ఒకరు రెండు చేతులతో గడ్డాన్ని పైకెత్తి పట్టుకోవడం, వీలుంటే పడుకోబెట్టే వాహనాన్ని, కనీసం ట్రాలీ ఆటోను, ఎంచుకోవడం ఖర్చులేని మార్పులు.

వెన్నెముక విషయంలో ప్రజల్లో రెండు విపరీత ధోరణులున్నాయి. ఒకటి నలుగురు కలిసి కాళ్లూ చేతులూ పట్టుకుని గోనెసంచిలా ఎత్తి పడేయడం. వెన్నుపూసలు పక్కకు జరిగి ఉంటే వాటి మధ్య సాగే వెన్నుపాము ఆ ఎత్తడంలో తెగి, నడవగలిగే మనిషి శాశ్వతంగా మంచానికి పరిమితం కావచ్చు. రెండోది, ముట్టుకుంటే ఏమవుతుందోనని గొంతులో రక్తం నిండుతున్నవాడిని కూడా అలాగే వెల్లకిలా వదిలేయడం. ఈ రెండింటిలో రెండోదే త్వరగా చంపుతుంది. మంటలు లేచే వాహనం నుంచి లాగడం, మూసుకున్న శ్వాసమార్గాన్ని తెరవడం వెన్నెముక భయం కంటే ముందు రావాలి. అవి లేనప్పుడు మెడను రెండు చేతుల మధ్య నిలకడగా పట్టుకుని, మరో ముగ్గురు ఒకే మాట మీద ఒకేసారి కదపాలి. హెల్మెట్ సంగతీ అంతే: ఊపిరి సరిగా ఆడుతుంటే పట్టీ వదులు చేసి అలాగే ఉంచవచ్చు, ఆడకపోతే ఒకరు మెడను కింది నుంచి ఆన్చి పట్టుకోగా మరొకరు మెల్లగా తీయాలి.

ప్రమాద స్థలంలో మొట్టమొదట జరిగే ఉపచారం సాధారణంగా నోట్లో నీళ్లు పోయడం. రక్తం కోల్పోయినవాడికి విపరీతమైన దాహం వేస్తుంది, అడిగినవాడికి నీళ్లివ్వకపోవడం మన సంస్కారానికి మహా పాపంగా తోస్తుంది. కానీ సగం స్పృహలో ఉన్నవాడికి పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, స్పృహలో ఉన్నవాడి కడుపులో చేరినవి శస్త్రచికిత్సకు మత్తు ఇచ్చేటప్పుడు వాంతిగా ఎదురొస్తాయి. తడి గుడ్డతో పెదవులు అద్దడంతో ఆగాలి. కాఫీపొడి, పసుపు, బూడిద గాయంలో కొట్టడం రక్తాన్ని ఆపదు సరికదా, తరువాత శుభ్రం చేయవలసిన శస్త్రవైద్యుడికి పని పెంచుతుంది.

వీటన్నింటికీ ముందు, సాయం చేయడానికి దిగినవాడు తాను రెండో ప్రమాదంలో పడకుండా చూసుకోవాలి. జాతీయ రహదారి మీద ఆగిన వాహనాన్ని వెనుక నుంచి వచ్చేది గుద్దడం అరుదు కాదు. హజార్డ్ లైట్లు వేసి, ప్రమాదానికి వెనుక వైపున తన వాహనాన్నే అడ్డుగా నిలిపి, చాలా దూరం ముందుగానే హెచ్చరిక త్రికోణం పెట్టాలి. త్రికోణం లేక రాళ్లూ చెట్ల కొమ్మలూ పెట్టే అలవాటు మన లారీవాళ్లది. కొమ్మలు మేలే, రాళ్లను మాత్రం వెళ్లేటప్పుడు తీసేయడం చాలామంది మరిచిపోతారు, ఆ రాత్రి వాటి మీద మరో మోటారు సైకిలు పడుతుంది.

ఇంత చిన్న పనులు నిజంగా ఫలితాన్ని మారుస్తాయా అన్న ప్రశ్నకు రెండు సంపన్న దేశాల అనుభవం ఆశ్చర్యకరమైన సమాధానమిస్తుంది. కెనడాలోని ఒంటారియోలో జరిగి 2008లో వెలువడిన ఓపల్స్ అధ్యయనం, గొంతులో గొట్టం వేయడం, సెలైన్ ఎక్కించడం వంటి ఉన్నత స్థాయి చికిత్సను అంబులెన్సులకు చేర్చినా తీవ్ర గాయాలైనవారి బతుకు అవకాశాలు మెరుగుపడలేదని తేల్చింది. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో తుపాకీ, కత్తి గాయాలైనవారిని పోలీసులు తమ కారులోనే ఆసుపత్రికి తీసుకుపోతారు. అలా వెళ్లినవారికీ అంబులెన్సులో వెళ్లినవారికీ, గాయాల తీవ్రతను లెక్కలోకి తీసుకున్నాక, మరణాల రేటులో చెప్పుకోదగ్గ తేడా లేదని 2014 అధ్యయనం చూపింది. ఆటోలో వెళ్లడం హీనమైన ఏర్పాటని ముందే తీర్మానించుకోవలసిన పనిలేదని వీటి భావం. మొదటి చేతులు రక్తం ఆపి, ఊపిరి ఆడేలా చూసి ఉంటే, ఏ వాహనమన్నది చాలా సందర్భాల్లో రెండో విషయమే.

డ్రైవర్లనే ఈ మొదటి చేతులుగా తయారుచేయవచ్చునా అని పరీక్షించిన ప్రసిద్ధ ప్రయోగం పశ్చిమ ఆఫ్రికాలోని ఘనా దేశంలో, కుమాసి నగరం కేంద్రంగా జరిగింది. అప్పటికి ఆ దేశంలో వ్యవస్థీకృత అంబులెన్సు సేవ లేదు, జాతీయ అంబులెన్సు సేవ 2004లో గాని మొదలు కాలేదు. క్షతగాత్రుల్లో అధికులు ఆసుపత్రికి చేరేది టాక్సీలు, ట్రోట్రోలుగా పిలిచే మినీ బస్సుల వంటి వాహనాల్లో. అక్కడ పనిచేసిన చార్లెస్ మాక్, సహచరులు కలిసి, లేని అంబులెన్సుల కోసం ఎదురుచూడకుండా ఉన్న డ్రైవర్లకే నేర్పుదామని 335 మంది వాణిజ్య వాహన డ్రైవర్లకు ఆరు గంటల కోర్సు పెట్టారు. ప్రమాద స్థలాన్ని భద్రం చేయడం, శ్వాసమార్గం తెరవడం, రక్తస్రావం ఆపడం, విరిగిన అవయవానికి బద్దలు కట్టడం, క్షతగాత్రులు ఎక్కువమంది ఉంటే ఎవరిని ముందు పంపాలో నిర్ణయించే ట్రయాజ్ అనే వర్గీకరణ అందులో పాఠాలు. ఖర్చు మనిషికి మూడు డాలర్లు.

సగటున పది నెలలు దాటాక వారిలో 71 మందిని కలిసి అడిగితే, 61 శాతం మంది ఈలోగా ఎవరికో ఒకరికి ప్రథమ చికిత్స చేసినట్టు చెప్పారు. పాఠం నేర్చుకున్న పది నెలల్లో సగానికి పైగా విద్యార్థులకు దాన్ని వాడే అవసరం పడిందంటే, శిక్షణకు సరైన మనుషులను ఎంచుకున్నారనడానికి అదే రుజువు. కార్యాలయ ఉద్యోగులకు అదే కోర్సు చెబితే పదేళ్లకూ ఆ సంఖ్య రాకపోవచ్చు. రక్తస్రావం ఆపే ప్రయత్నం చేసినట్టు చెప్పినవారు శిక్షణకు ముందు 4 శాతం కాగా తరువాత 42 శాతం. శ్వాసమార్గం విషయంలో 2 నుంచి 35 శాతానికి, ప్రమాద స్థలాన్ని సర్దడంలో 7 నుంచి 35 శాతానికి పెరిగారు. బద్దలు కట్టడం మాత్రం 1 నుంచి 16 దగ్గరే ఆగింది. ఈ పని వాహనంలో బద్ద దొరకని చోట ఎవరికైనా చివరికి మిగిలిపోయేదే. ఈ లెక్కలన్నీ డ్రైవర్లు తమ నోట చెప్పినవి, పక్కన నిలబడి ఎవరూ చూసి రాసుకున్నవి కావు; మరణాలు తగ్గాయా అన్నది ఈ అధ్యయనం కొలవలేదు. ఆ పరిమితులు ఉన్నా, 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆసుపత్రికి ముందు అందే చికిత్స గురించి వెలువరించిన మార్గదర్శక గ్రంథం సామాన్యులకు శిక్షణనే తొలి మెట్టుగా సిఫారసు చేసింది. 2009లో ఉగాండా రాజధాని కంపాలాలో పోలీసులు, టాక్సీ డ్రైవర్లతో సహా 307 మందికి ఇటువంటి శిక్షణే ఇచ్చిన ప్రయోగ ఫలితాలు వెలువడ్డాయి.

భారతదేశంలో చేయి వెనక్కి లాగేది అజ్ఞానమొక్కటే కాదు. గుంపు పెరిగినకొద్దీ ఒక్కొక్కరి బాధ్యత పలచబడుతుందని 1968లో డార్లీ, లాటానే అనే మనస్తత్వవేత్తలు ప్రయోగంతో చూపారు. పక్క గదిలోని మనిషికి మూర్ఛ వచ్చిందని విన్నప్పుడు, తానొక్కడే విన్నాననుకున్నవారిలో 85 శాతం మంది సాయానికి కదలగా, మరో నలుగురు కూడా విన్నారనుకున్నవారిలో 31 శాతమే కదిలారు. దీనికి పైన మన దేశంలో ‘కేసవుతుంది, మనకెందుకొచ్చిన గొడవ’ అనే భయం ఉంది. సేవ్‌లైఫ్ ఫౌండేషన్ 2013లో జరిపిన సర్వేలో 74 శాతం మంది తాము ప్రమాద బాధితులకు సాయపడే అవకాశం తక్కువని చెప్పారు, వారిలో అత్యధికులు చూపిన కారణం పోలీసులు, కోర్టులు. ఈ భయం నిరాధారమైనది కాదు. కారు ఢీకొట్టిన స్కూటరిస్టును ఒక వ్యక్తి దగ్గరి ఆసుపత్రికి తీసుకుపోగా, ఇది పోలీసు కేసు కాబట్టి ఇరవై కిలోమీటర్ల దూరంలోని మరో ఆసుపత్రికి వెళ్లమన్నారు, దారిలో ప్రాణం పోయింది. ఈ వార్త ఆధారంగా దాఖలైన పరమానంద్ కటారా కేసులో 1989లో సుప్రీంకోర్టు, లాంఛనాల కోసం ఆగకుండా ప్రాణం కాపాడటం ప్రతి వైద్యుడి విధి అని తీర్పు చెప్పింది.

సాయం చేసినవాడి రక్షణకు మరో ఇరవై ఏడేళ్లు పట్టింది. కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలకు 2016 మార్చి 30న సుప్రీంకోర్టు చట్టబద్ధత కల్పించింది. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో చేరిన 134ఏ సెక్షన్, సద్బుద్ధితో, ప్రతిఫలం ఆశించకుండా సాయపడినవారి మీద, పొరపాటున హాని జరిగినా, సివిల్ గాని క్రిమినల్ గాని బాధ్యత ఉండదని చెప్పింది. 2020 నిబంధనల ప్రకారం వారిని పేరు, చిరునామా చెప్పమని బలవంతపెట్టకూడదు, ఆసుపత్రులు ఈ హక్కులను ప్రాంతీయ భాషలో గుమ్మం దగ్గర ప్రదర్శించాలి. కోర్టు ఆదేశం వచ్చిన రెండేళ్ల తరువాత కూడా, 2018లో సేవ్‌లైఫ్ ఫౌండేషన్ జరిపిన మరో సర్వేలో 84 శాతం మందికి ఇటువంటి రక్షణ ఉందనే తెలియదు. క్షతగాత్రుణ్ని గంటలోపు ఆసుపత్రికి చేర్చినవారికి 25,000 రూపాయలు ఇచ్చే రాహ్‌వీర్ పథకం 2025లో వచ్చింది, ఏడు రోజుల పాటు లక్షన్నర రూపాయల వరకూ నగదు రహిత చికిత్స కూడా అదే ఏడాది అమల్లోకి వచ్చింది. మంచివే. అయితే బహుమతి చేరవేసినందుకే. దారిలో గడ్డం ఎత్తి పట్టుకున్నందుకు, తువ్వాలు బిగించినందుకు విడిగా బహుమతి లేదు.

ప్రమాదంలో తన వాహనమే భాగమైన డ్రైవరు పరిస్థితి వేరు. గాయపడినవారికి వైద్యం అందేలా చూడటం మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం అతని విధి, కానీ మూక ఆగ్రహం వల్ల అది సాధ్యం కాకపోతే తప్ప అన్న మినహాయింపును కూడా ఆ సెక్షనే రాసుకుంది. ఆగితే కొడతారన్న సంగతిని చట్టమే ఒప్పుకున్న అరుదైన సందర్భమిది. భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ రెండో ఉపవిభాగం, మరణానికి కారణమై, చెప్పకుండా పారిపోయిన డ్రైవరుకు పదేళ్ల దాకా శిక్ష ప్రతిపాదించినప్పుడు 2024 జనవరి మొదట్లో దేశవ్యాప్తంగా లారీ, ట్యాంకర్ల డ్రైవర్లు సమ్మెకు దిగారు; హైదరాబాదు పెట్రోలు బంకుల ముందు వాహనాలు బారులు తీరాయి. ఆ ఏడాది జూలై 1న కొత్త చట్టం అమల్లోకి వచ్చినా ఈ ఉపవిభాగాన్ని పక్కన పెట్టారు. ప్రాణభయంతో పారిపోయేవాణ్ని శిక్ష భయం ఎంతవరకు ఆపుతుందన్నది సందేహమే. గుంపును అదుపు చేసేవారు లేని చోట, కొద్ది దూరం వెళ్లి పోలీసుకో 108కో ఫోను చేసే డ్రైవరు కూడా క్షతగాత్రుడికి కొంత మేలు చేసినట్టే.

జర్మనీలో 1969 నుంచి ప్రథమ చికిత్స నేర్వనిదే డ్రైవింగ్ లైసెన్సు లేదు; ఇప్పుడది ముప్పావు గంట చొప్పున తొమ్మిది పాఠాలు. కారులో నిర్ణీత ప్రమాణాల ప్రథమ చికిత్స పెట్టె ఉండాలి, సాయం చేయగలిగీ చేయకపోవడం నేరం. అయితే పద్దెనిమిదో ఏట నేర్చుకున్నది నలభయ్యో ఏటికి చేతులకు గుర్తుండదు, మళ్లీ నేర్వాలన్న నిబంధన కారు నడిపేవారికి అక్కడా లేదు. భారతదేశంలో డ్రైవింగ్ స్కూళ్లకు కేంద్ర నిబంధనలు నిర్దేశించిన పాఠ్యప్రణాళికలో ప్రథమ చికిత్స అధ్యాయం ఉంది, లైసెన్సు పరీక్షలో మాత్రం రివర్సు తీయడం వచ్చా అని చూస్తారు గాని, రక్తం ఆపడం వచ్చా అని ఎవరూ చూడరు. కార్లలో కనిపించే పెట్టెల్లో సన్నని అతుకు పట్టీలు, ఆయింటుమెంటు, అయోడిన్ సీసా ఉంటాయి. గాయంలో కూరేంత గుడ్డ, వెడల్పాటి కట్టు, చేతి తొడుగులు, బట్టలు కత్తిరించే కత్తెర అరుదు. చేతి తొడుగులు లేకపోతే రెండు ప్లాస్టిక్ సంచులు చేతులకు తొడుక్కున్నా సరిపోతుంది. రవాణా వాహనాల లైసెన్సును ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి; శిక్షణను దానికి జతచేసినా, సాధన లేని ప్రథమ చికిత్స నైపుణ్యం నెలల్లోనే మందగిస్తుంది కాబట్టి ఆ ఐదేళ్ల గడువు చాలా ఎక్కువ. ఆరు గంటల శిక్షణను లారీ యూనియన్ కార్యాలయంలోనో ఆటో స్టాండులోనో పెట్టి, ఏడాదికోసారి ఒక గంట పాటు ఒకరి చేతికి ఒకరు తువ్వాలు బిగించి, ఒకరి దవడ ఒకరు ఎత్తి చూసుకునే ఏర్పాటు చేయడానికి కొత్త చట్టమేదీ అక్కరలేదు.